బంతులు వదిలేసిన మనిషి

ఫిబ్రవరిలో, కరోనా కట్టడితో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజుల్లో, మా బేస్‌బాల్ క్లబ్బు నుంచి ఒక మెయిల్ వచ్చింది. మైదానం పక్కన కొత్తగా కట్టిన షెడ్డు గోడకు గౌరవ ఫలకం పెడుతున్నారట. క్లబ్బు పుట్టినప్పటి నుంచి ఆడినవాళ్లలో ముగ్గురు గొప్ప బ్యాటర్ల పేర్లు దాని మీద చెక్కిస్తారట. రెండు పేర్లు ఖాయమైపోయాయి. మూడో పేరుకు నలుగురు పోటీలో ఉన్నారు. గురువారం సాయంత్రం కమిటీ వీడియోలో కూర్చుని తేలుస్తుంది. పాత స్కోరర్‌గా మీరు కూడా రావచ్చునని చివర ఒక మర్యాద వాక్యం.

ఆ నలుగురిలో అతను లేడు.

మూడుసార్లు చదివాను. మా ఆవిడ డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ నా వంక చూసింది. ఇక్కడ ఐర్లండులో, నేస్ అనే ఊరి ఆస్పత్రిలో నర్సు ఆమె. నాకంటే పన్నెండేళ్లు చిన్నది, నాకంటే పదింతల తెలివైనది.

"మళ్లీ ఏమైందండీ? మొహం అలా కందిపోయింది?"

"ఎనిమిదేళ్లు ఆడినవాడు లిస్టులో లేడు. బంతి కనపడితే చాలు గొడ్డలితో మొద్దు నరికినట్టు ఊపేవాళ్లు నలుగురూ ఉన్నారు."

"పోయినవాడికి బోర్డు సంగతి తర్వాత. ఉన్నవాళ్లకు టీకా ఎప్పుడో కనుక్కోండి ముందు."

అతను పోయి అప్పటికి పది నెలలు. బోర్డు కట్టించి అతన్నేమీ వెనక్కి తీసుకురాలేమని నాకూ తెలుసు. అయినా న్యాయమన్నది బతికున్నవాళ్లకేనా? నేను చదివింది ఏడో తరగతి. ఆపైన ఏది నేర్చుకున్నా నా అంతట నేనే, గుంటూరు జిల్లాలో ఒక బస్సు డిపోలో టైమ్ కీపర్‌గా కూర్చుని నేర్చుకున్నాను. ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, నిజం రాయి, రాసింది కొట్టేయకు. ఈ ఒక్క చదువుతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. అందుకే ఉన్నవాణ్ని లేడని రాస్తే నా ఒళ్లు మండుతుంది.

ఐర్లండులో బేస్‌బాల్ ఏమిటని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఈ దేశానికి వచ్చిన మొదటి వేసవిలో ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, మా ఆవిడ డ్యూటీకి పోతే, ఫ్లాస్కులో టీ పోసుకుని ఊరి చివర మైదానానికి నడిచాను. బోస్టన్‌లో కొన్నాళ్లు పనిచేసి తిరిగొచ్చిన ఐరిష్ కుర్రాళ్లు, ఇక్కడి మందుల కంపెనీల్లో పనిచేసే అమెరికావాళ్లు ఒక ఇరవై మంది తోలు తొడుగులు వేసుకుని ఆడుతున్నారు. క్రికెట్ కాదు, మా చిన్నప్పటి ఏ ఆటా కాదు. పోదామని లేచాను. అప్పుడు వినపడింది, శుభ్రమైన తెలుగులో:

"థూ! గింత అల్కటి బంతి గూడ కొట్టరాదార నీకు!"

తనను తాను తిట్టుకుంటున్నాడు. నిజామాబాద్ వైపు మనిషి. పొట్టిగా, భుజాలు గట్టిగా, చెంపలో ఎప్పుడూ ఒక లవంగం. అక్కడి బడుల్లో సాఫ్ట్‌బాల్ బాగా ఆడతారట, రాష్ట్రం జట్టుదాకా పోయాడట. ఇక్కడ నర్సింగ్ హోములో ముసలివాళ్లను కనిపెట్టుకుని చూసుకునే కేరర్ పని. ఆ రోజు స్కోరు రాసే మనిషి రాలేదు. నేను తెలుగువాణ్నని తెలియగానే నా చేతిలో పెన్సిలు పెట్టేశాడు.

"నాకు ఆటే తెలియదయ్యా."

"డిపోల లెక్క రాసినన్నరు గద. గిది గూడ గంతే అంకుల్. ఎవడు పోయిండు, ఎవడు వచ్చిండు, రాయాలె."

అలా స్కోరర్‌నయ్యాను. లైబ్రరీ నుంచి రూల్స్ పుస్తకం తెచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, చలికాలమంతా చదివాను. ఆ మొదటి వేసవితో కలిపి ఎనిమిది వేసవులు, ఒక్క ఆట తప్పలేదు.

అతని గొప్పతనం తెలియాలంటే ఆ ఆటలో ఒక్క సంగతి తెలిస్తే చాలు. బ్యాట్ పట్టినవాడి ముందు గాలిలో కనపడని ఒక కిటికీ ఉందనుకోండి. బంతి అందులోంచి వస్తే కొట్టాలి, కొట్టకపోతే అతని తప్పు. మూడు తప్పులైతే ఔటు. కిటికీ బయటినుంచి పోయే బంతిని ముట్టుకోకుండా వదిలేస్తే విసిరినవాడి తప్పు. అలాంటివి నాలుగైతే బ్యాటరు కొట్టకుండానే మొదటి బేస్‌కు, అంటే మైదానం చుట్టూ ఉన్న మూడు మజిలీల్లో మొదటిదానికి, నడిచిపోవచ్చు. అక్కడి నుంచి వెనకవాళ్లు కొట్టే దెబ్బలకు చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే చేరితే ఒక పరుగు. ఆ చోటును వాళ్లు ఇల్లు అంటారు.

చెప్పడానికి తేలిక. గంటకు డెబ్బై, ఎనభై మైళ్ల వేగంతో రాయిలాంటి బంతి వస్తుంటే, అది కిటికీలోంచా బయటినుంచా అని కన్ను మూసి తెరిచే లోపల తేల్చుకోవాలి. తేల్చుకుని చేతులు ఆపుకోవాలి. కొట్టాలన్న దురద ఎవడికి ఉండదు? చూడటానికి వచ్చినవాళ్లంతా కొట్టు కొట్టు అని అరుస్తుంటారు. అతను మాత్రం ఎడమ పాదంతో మట్టిని రెండుసార్లు గీకి, లవంగం ఒక చెంప నుంచి ఇంకో చెంపకు మార్చి, బంతి చేతుల ముందునుంచి పోతుంటే చివరిదాకా దాన్ని తలతో అనుసరించి చూసేవాడు. బస్సు ఎక్కించిన చుట్టాన్ని చూసినట్టు. తర్వాత బ్యాటు నేలమీద నెమ్మదిగా పెట్టి, మొదటి బేస్‌కు నడిచేవాడు. పరిగెత్తడు. నడవమన్నారు కాబట్టి నడవటమే.

బంతి ఒంటికి తగిలినా మొదటి బేస్ ఇస్తారు. ఎన్నిసార్లు తగిలిందో! పక్కటెముకల మీద ఒకసారి ఆ చప్పుడు నా బెంచీ దాకా వినపడింది. అతను రుద్దుకోలేదు.

"నొప్పి లేదటయ్యా?" అన్నాను తర్వాత.

"ఎందుకుండది! రుద్దుకుంటే ఏడ తాకిందో వానికి ఎర్కైతది. ఇగ మళ్ల గాడ్నే ఏస్తడు."

లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. పరుగులో నత్త. ఫీల్డింగులో చేతులకు వెన్న. కంచె దాటేలా బంతిని ఒక్కసారి కొట్టాడు, అదీ గీత బయట పడింది, చెల్లలేదు. అందుకే చూసినవాళ్లకు అతను గుర్తుండడు. గుర్తుండేది కానర్.

కానర్ ఇన్సూరెన్సు ఆఫీసు ఉద్యోగి, ఆరడుగుల ఎర్రజుట్టు మనిషి. మా నిజామాబాద్ మనిషి వెనకే బ్యాటింగుకు వచ్చేవాడు. కొట్టాడంటే బంతి పక్క పొలంలో గొర్రెల మధ్య పడేది. పిల్లలు కానర్ దగ్గర టోపీల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్లు. ఫలకం మీద మూడో పేరు కానర్‌దేనని అందరికీ ముందే తెలుసు. పోటీ పేరుకే.

ఒక్క ఆట చెబుతాను. డబ్లిన్ జట్టుతో, ఆఖరి ఇన్నింగ్సు, స్కోరు సమానం, ఇద్దరు ఔటయ్యారు, మూడోవాడు కూడా అయితే మా వంతు అయిపోతుంది, మూడు బేస్‌ల మీదా మనవాళ్లే. అతను బ్యాటింగుకు వచ్చాడు. మూడు బంతులు విసిరినవాడి తప్పు, రెండు బంతులు ఇతని తప్పు. ఆఖరి బంతి. కొడితే గెలుపు కావచ్చు, ఊపి తప్పితే ఔటు. వదిలేస్తే ఇంకా గండం. అంపైరు లోపలే ఉందంటే నిలబడి ఔటయ్యాడన్న చెడ్డపేరు జన్మంతా ఉంటుంది. బంతి వచ్చింది. నా కళ్లకు కిటికీ అంచు మీద ఉన్నట్టే ఉంది. పెన్సిలు నా చేతిలో ఆగిపోయింది. అతను కదలలేదు. అంపైరు కూడా కదలలేదు. ఆ తర్వాత, బాగా ఆలస్యంగా, ఎడమ చెయ్యి పైకెత్తి మొదటి బేస్ చూపించాడు. అతను నడిచాడు, అతనికి చోటిస్తూ బేస్‌ల మీద ఉన్నవాళ్లంతా ఒక్కో బేస్ ముందుకు జరిగారు, మూడో బేస్ మీదివాడు ఇల్లు చేరాడు. గెలిచాం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇదేం గెలుపన్నట్టు చూశారు. వెనక వంతు కోసం కాచుకున్న కానర్ తన బ్యాటు విసిరేసి, "బ్యాట్ ఎత్తను కూడా ఎత్తలేదు కదయ్యా నువ్వు!" అన్నాడు. వారం తర్వాత ఊరి పేపర్లో ఆ ఆట గురించి పడితే, ఇల్లు చేరినవాడి పేరు ఉంది, ఇతని పేరు లేదు. నేను పేపరు పట్టుకుని గంతులేస్తుంటే అతను లవంగం నమిలాడు.

"మీరెందుకు గరమైతరు అంకుల్? కొట్టి ఓడిపోయినోళ్ల పేర్లు ఎన్ని పడ్తలెవ్వు పేపర్ల! మనం కొట్టకుండ గెలిచినం. చాలదా?"

"చాలదు!" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

నర్సింగ్ హోములోనూ అలాగే ఉండేవాడట. తిట్టే ముసలాయన తిట్టినన్నాళ్లూ తిట్టించుకుని, ఆయనే అలిసిపోయి చెయ్యి అందించేదాకా కాచుకునేవాడట. కరోనా వచ్చిన మార్చిలో, ఇంట్లో భార్యకూ పిల్లకూ అంటుతుందని, హోము వెనక పెట్టిన ఒక కేరవాన్‌లో, చక్రాల మీది చిన్న గదిలో, పడుకోవటం మొదలుపెట్టాడు. భార్య సునీత అన్నం డబ్బా తెచ్చి గేటు దగ్గర పెట్టి వెనక్కి జరిగితే, ఇతను వచ్చి తీసుకునేవాడు. ఏప్రిల్‌లో అతనికే జ్వరం వచ్చింది. రెండు వారాల్లో అయిపోయింది.

చర్చిలోకి పది మందినే రానిచ్చారు. మిగతావాళ్లం రోడ్డు పక్కన రెండేసి మీటర్ల దూరంలో నిలబడ్డాం. శవవాహనం నడక వేగంతో మా ముందునుంచి పోయింది. ఆటగాళ్లు టోపీలు గుండెకు ఆనించుకుని నిలబడ్డారు. వాళ్లలో కానర్ కూడా ఉన్నాడు. అలా నిలబడినవాళ్లు ఏడాది తిరగకుండా అతన్ని లిస్టులోంచి ఎలా ఎగరగొట్టారన్నదే నా మంట.

మెయిల్ వచ్చిన మర్నాడు కమిటీ ఛైర్మన్ డెక్లన్‌కు ఫోన్ చేశాను. డెక్లన్ మా పాత క్లబ్బువాడు కాదు. మా మనిషి ఆడిన ఆఖరి వేసవి అయ్యాక పక్క ఊరి క్లబ్బూ మాదీ కలిసిపోయినప్పుడు వచ్చాడు. కమిటీ ఐదుగురూ అటువాళ్లే. మా పాతవాళ్లలో అమెరికావాళ్లు వెళ్లిపోయారు, కొందరు ఆట మానేశారు. ఈ ఊళ్లో మిగిలింది కానరూ నేనూ.

"నాకు మీ బాధ అర్థమైంది, సర్," అన్నాడు డెక్లన్. మర్యాదస్తుడు. "కానీ ఫలకానికి కనీసం ఐదు సీజన్లు ఆడాలన్నది రూలు. మీ మనిషి నాలుగే ఆడాడు. పుస్తకాలు చూసి మా సెక్రటరీ లిస్టు చేసింది."

"నాలుగా! ఎవడు చెప్పాడు నాలుగని?"

"మీ పుస్తకాలే, సర్."

ఆ లిస్టు పంపమన్నాను. పంపాడు. డెక్లన్ చెప్పినట్టే మొదటి పేజీలో అతని పేరుంది, ఎదురుగా నాలుగు సీజన్లు. తప్పుల తడక అని తిట్టుకుంటూ మిగతాది తిప్పాను. మూడో పేజీలో ఇంకో పేరు కనపడింది. తర్వాతి నాలుగు సీజన్లు. మళ్లీ మొదటి పేజీకి తిప్పి చూశాను.

ఆ రెండూ అతనే.

మాలో చాలా ఇళ్లలో ఉన్నదే ఇది. పుట్టినప్పుడు పాస్టరుగారు పెట్టిన పేరు ఒకటి, అమ్మ పిలిచేది, ప్రార్థనలో పలికేది. బళ్లో రాయించిన పేరు ఇంకొకటి, సర్టిఫికెట్లకూ పాస్‌పోర్టుకూ. బళ్లో కూడా చర్చి పేరే రాయిస్తే రిజర్వేషను పోతుందన్న భయంతో తల్లిదండ్రులు చేసిన పని అది. నాకూ రెండు పేర్లున్నాయి. ఎందుకున్నాయని ఎవరూ ఎవరినీ అడగరు.

మొదటి నాలుగేళ్లు మైదానంలో అందరూ పిలిచిన చర్చి పేరే నేను పుస్తకంలో రాశాను. ఐదో ఏడు లీగువాళ్లు ప్రతి ఆటగాడి పాస్‌పోర్టు కాపీ కావాలన్నారు. మావాళ్లవన్నీ కానర్ తన ఆఫీసులో జెరాక్సు తీసి తెచ్చాడు. నేను ఆ కాపీలు చూసి, ఆ వారం నుంచి పుస్తకంలో పాస్‌పోర్టు పేరు ఎక్కించాను. డిపో బుద్ధి. కాగితంలో ఏముంటే అదే రాయి. ఆట అయ్యాక అతను నా భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూశాడు.

"ఇగ ఈడ గూడ గా పేరేనా అంకుల్? ఆటలన్న మా అమ్మ పెట్టుకున్న పేరుంటదనుకున్న."

"రూలు అయ్యా. నేనేం చేసేది?"

నవ్వాడు. బ్యాటు సంచిలో పెట్టుకుని పోయాడు. ఆ మాట నాకు మళ్లీ గుర్తుకు రాలేదు, ఆ లిస్టు చూసేదాకా. మధ్యలో కార్లో అనే ఊరి కాలేజీ నుంచి మన కుర్రాళ్లు ఒకరిద్దరు ఒక్కో వేసవి ఆడి పోయారు. సెక్రటరీ ఈ రెండో పేరునూ వాళ్లలో ఒకడిదనుకుంది. ఆమె తప్పేముంది? అతన్ని రెండు ముక్కలు చేసింది నా చెయ్యి.

మళ్లీ డెక్లన్‌కు చేశాను. ఇద్దరూ ఒకరేనన్నాను. అతను కాసేపు ఆలోచించాడు.

"మీ మాట నమ్ముతాను. కమిటీ నమ్మాలి కదా. ఇద్దరూ ఒకరేనని ఇంటివాళ్ల దగ్గర నుంచి రెండు లైన్లు రాయించుకు రండి. వెబ్‌సైటులో జీవిత వివరాలు వేసేటప్పుడు కూడా పనికొస్తుంది, రెండు పేర్లూ వేస్తాం."

సునీత ఉండేది ఊరికి అటువైపు ఇళ్ల ఎస్టేటులో, మా ఇంటికి ఆరు కిలోమీటర్లు. బుధవారం కారు తీశాను. రౌండబౌట్ దగ్గర గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపారు. ఒక అమ్మాయి, మాస్కు మీద కళ్లు మాత్రం కనపడుతున్నాయి.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

మందుల షాపుకని అందామనుకున్నాను. నోరు రాలేదు. "భర్త పోయిన ఒకావిడను చూడటానికమ్మా. ఆయన పేరు విషయం మాట్లాడాలి."

ఆ అమ్మాయి నా నెరిసిన తల చూసింది. "గేటు దాటి లోపలికి పోకండి. జాగ్రత్త, సరేనా," అని దారి ఇచ్చింది.

సన్నగా వాన. సునీత తలుపు తెరిచి గడపలోనే నిలబడింది. నేను గేటు దగ్గర గొడుగు పట్టుకుని, మాస్కులోంచి గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్లకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

మొదట ఆమె కళ్లు మెరిశాయి. ఉత్తరం మాట రాగానే ఆ మెరుపు పోయింది.

"నెట్‌ల పెడ్తరా అంకుల్? రెండు పేర్లు?"

"వెబ్‌సైటులో వేస్తారట. అయితే ఏమమ్మా?"

"మా మరిది నౌకరి ఎట్ల వచ్చిందో మీకు తెల్వదా? అదే కులం సర్టిఫికెటుతోని. ఊళ్ల ఒకడు ఆల్రెడీ వాని మీద కాగితాలు పెడుతున్నడు, వీళ్లు పుట్టుకతోనే చర్చోళ్లని. గిది చూస్తే వానికి మనమే అందిచ్చినట్లైతది. ముగ్గురు పిల్లలున్నరు వానికి."

"ఇక్కడి కిల్డేర్ జిల్లా బేస్‌బాల్ వెబ్‌సైటు మీ ఊళ్లో ఎవడు చూస్తాడమ్మా?"

"సచ్చినోని పేరు కొట్టి చూస్తరు అంకుల్. మీకెర్క లేదు." తలుపు సగం దగ్గరకు లాగింది. "బోర్డు ఒద్దు. ఆయన గూడ ఒద్దనేటోడు. తమ్ముని కోసమే గద ఈడికొచ్చింది."

ఆమె భయం వట్టిది కాదని నాకంటే తెలిసినవాడు ఎవడు? అందుకే ఈ కాగితం మీద కూడా ఆ రెండు పేర్లలో ఏదీ రాయటం లేదు, ఊళ్ల వివరాలు కొంచెం అటూ ఇటూ చేశాను.

"ఉత్తరం అక్కర్లేదమ్మా," అన్నాను. "నువ్వేమీ రాయొద్దు." ఏం చెయ్యబోతున్నానో మాత్రం నాకే తెలియదు.

గురువారం సాయంత్రం ఏడింటికి మా వంటింటి బల్ల మీద ట్యాబ్లెట్ పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ మీటింగులోకి కలిపి, "అరవకండి, వాళ్లకు మామూలుగానే వినిపిస్తుంది," అని చెప్పి, అలమారలోంచి కప్పులు తీయటానికన్నట్టు అక్కడే నిలబడింది. తెర మీద ఏడు గదులు. కమిటీ ఐదుగురు, నేను, పాత ఆటగాడిగా పిలిచిన కానర్. కానర్ గడ్డం పెంచాడు. కెమెరాలోకి చూడటం లేదు.

డెక్లన్ నాకు పది నిమిషాలిచ్చాడు. చెప్పాను. కిటికీ గురించి, వదిలేసిన బంతుల గురించి, పక్కటెముకల చప్పుడు గురించి. "బ్యాట్ పట్టుకుని ఐదుసార్లు వచ్చాడంటే రెండుసార్లకు పైగా బేస్ ఎక్కేవాడు. మీ లిస్టులో ఉన్న నలుగురిలో ఒక్కడు అన్నిసార్లు ఎక్కాడేమో నా పుస్తకాలు తీసి చూడండి. బంతి ఎంత దూరం పోయిందన్నది కాదు ఆట. మనిషి ఔటవకుండా మిగిలాడా లేదా అన్నది ఆట. రూల్సు పుస్తకంలో జట్టుకు ఇరవై ఏడు ఔటులైతే ఆట ముగిసినట్టని ఉంది కానీ ఇన్ని మైళ్లు కొట్టాలని ఎక్కడా లేదు!"

మా ఆవిడ చెయ్యి కిందికి ఊపింది, గొంతు తగ్గించమని.

కమిటీలో ఒకాయన, ఇంజనీరు, కాగితం ముందు పెట్టుకుని మాట్లాడాడు. "ఇదంతా బాగుంది. కానీ రికార్డు ప్రకారం నాలుగు సీజన్లే. ఇంకో నాలుగు వేరే మనిషివి. ఇద్దరూ ఒకరేనని ఇంటివాళ్లు ఇచ్చిన ఉత్తరం ఉందా?"

"లేదు."

"ఉత్తరం లేకపోతే వేరే పేరు ఎందుకొచ్చిందో మీరైనా చెప్పాలి కదా?"

తెర మీద మిగతా ఆరు మొహాలూ నా వంకే ఉన్నట్టుంది. నిజం నాలుక చివర ఉంది. చెబితే మినిట్సులోకి పోతుంది, అక్కడి నుంచి వెబ్‌సైటుకు పోతుంది. చెప్పకపోతే అతను ఇద్దరుగా మిగిలిపోతాడు, ఇద్దరూ చాలరు.

"తప్పు నాది," అన్నాను. "ఐదో ఏడు నుంచి పుస్తకంలో ఆ గడిలో వేరే పేరు రాశాను. కళ్లు సరిగా కనపడక, ఒక కార్లో కాలేజీ కుర్రాడి పేరు ఎక్కించాను. అదే కొనసాగించాను. ముసలితనం."

వెనక కప్పు ఒకటి బల్లకు తగిలింది. నలభై ఏళ్ల కాపురంలో నేను తప్పు రాశానని నా నోట మా ఆవిడ విన్నది అదే మొదటిసారి.

ఇంజనీరు కళ్లజోడు తీశాడు. "నాలుగేళ్లపాటు ఒక మనిషి పేరే తప్పు రాశారంటే, మిగతా అంకెలు మాత్రం ఎలా నమ్మాలి? మీరు చెప్పిన ఆ ఐదుసార్లలో రెండుసార్లు కూడా ఈ పుస్తకాల్లోవే కదా."

నేను తవ్వుకున్న గోతిలో నేనే పడ్డాను. స్కోరరు గుడ్డివాడైతే లెక్క చెల్లదు, లెక్క చెల్లకపోతే అతను లేడు.

డెక్లన్ అన్నాడు: "ఆ సీజన్లలో అతను ఆడాడని చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

కానర్ గదిలో మైకు గుర్తు మీద ఎర్ర గీత అలాగే ఉంది. పాస్‌పోర్టు కాపీలు తీసింది అతను. రెండో పేరు ఎవరిదో, ఎక్కడిదో, అతనికి నాతో సమానంగా తెలుసు. ఒక్క మాట అంటే నా అబద్ధం తేలిపోతుంది. ఏమీ అనకపోతే ఫలకం మీద మూడో పేరు అతనిదే.

ఎర్ర గీత పోయింది.

"ఒక్కడే మనిషి," అన్నాడు కానర్. "ఎనిమిది సీజన్లూ నా ముందు బ్యాటింగ్ చేసింది అతనే. పెద్దాయన పేరు గల్లంతు చేశాడు, అంతే. అంకెలు కరెక్టే."

"మీకెలా తెలుసు?" అన్నాడు ఇంజనీరు.

"నేను కొట్టిన దెబ్బలన్నీ లెక్కపెట్టుకుని నన్ను ఈ లిస్టులో వేశారు కదా. కొట్టినప్పుడల్లా ఇల్లు చేరింది ఎవరనుకున్నారు? నేను బ్యాట్ పట్టుకుని వచ్చేసరికి అతను బేస్ మీద నిలబడి ఉండేవాడు. ఖాళీ బేస్‌లకు కొట్టి ఉంటే నా పేరు ఎవడికి కావాలి?" ఆగి, గడ్డం గోక్కున్నాడు. "ఒకసారి బ్యాట్ ఎత్తలేదని అందరి ముందూ అన్నాను. ఆ బంతి బయటిదే. నేనైతే ఊపేవాణ్ని. నా పేరు తీసేయండి."

మళ్లీ ఎర్ర గీత పెట్టుకున్నాడు. నా వంక చూడలేదు.

డెక్లన్ చేతులెత్తమన్నాడు. మూడు చేతులు లేచాయి. ఇంజనీరు ఎత్తలేదు. ఐదో ఆయన తెర గడ్డకట్టి నోరు తెరిచి ఉండిపోయాడు, ఆయన ఓటు ఎటో ఎవరికీ తెలియలేదు.

"గ్రాండ్, సరే. మూడు చాలు," అన్నాడు డెక్లన్. గొంతు సవరించుకుని, "సర్, ఇంకో మాట. ఏమీ అనుకోవద్దు. మీరే కళ్ల సంగతి చెప్పారు కాబట్టి, వచ్చే సీజన్‌కు పుస్తకం ఇంకెవరికైనా ఇద్దామా?"

"ఇవ్వండి," అన్నాను.

"ఫలకం మీద పేరు ఎలా వెయ్యాలో ఇంటివాళ్లను అడిగి చెప్పండి. ఒక్క పేరే చెక్కుతాం. వెబ్‌సైటులో కూడా అదే."

మీటింగ్ అయిపోయింది. మా ఆవిడ ఎదురుగా కూర్చుంది. "కళ్లు కనపడలేదా? నిన్న గార్డు టోపీ మీద నంబరు కూడా చదివి చెప్పారు కదా నాకు," అంది. ఇంకేమీ అడగలేదు. టీ కప్పు నా ముందుకు జరిపింది.

సునీతకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. రెండు పేర్లు ఎక్కడా కలవవనీ, కలిపే కాగితం ఎక్కడా లేదనీ రెండుసార్లు చెప్పాను. అటునుంచి ముక్కు చీదుకున్న చప్పుడు.

"ఒక్కటే పేరా అంకుల్?"

"ఒక్కటే. ఏది చెప్తే అది."

"సమాధి మీద సర్టిఫికెట్ల పేరే చెక్కిచ్చినం. ఫారాలన్ని ఆ పేరు మీదనే ఉండె గద, ఇంకోటి పెట్టనియ్యలె." గొంతు తేరుకుంది. "ఆటకాడ వాళ్ల అమ్మ పెట్టిన పేరు పెట్టున్రి."

ఆ పేరు గట్టిగా పలికింది. ఒక్కో అక్షరం విడదీసి, నాకు అసలే తెలియనట్టు. పెన్సిలు తీసుకుని, ఆమె చెప్పినట్టే రాసుకున్నాను. స్కోరరుగా నేను రాసిన ఆఖరి పేరు అది.